బాన్సువాడ మీదికి ఒక్కసారి

బాన్సువాడ బస్టాండు వెనక సందులో సాలెహాది కుట్టు దుకాణం. చిన్నప్పటి నుంచీ మిషను తొక్కుతున్నా, కుదురుగా కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. జాకెట్టు సగం కుట్టి లేచి గుమ్మంలో నిలబడేది. పిట్లం బస్సు మలుపు తిరిగేదాకా చూసి, విసుగ్గా మళ్లీ లోపలికి వెళ్లేది.

మద్నూర్ దాటాక, మహారాష్ట్ర వైపు ఒక గ్లైడింగ్ క్లబ్బు ఉంది. అక్కడివి ఇంజను లేని విమానాలు. నేల మీది మోటారు పొడవాటి తీగను చుడుతూ లాగితే గాలిపటంలా పైకి లేస్తాయి. ఆ తర్వాత ఎండకు నేల నుంచి లేచే వేడిగాలే వాటికి ఆధారం. వాటి రెక్కలకు ముసుగులు కుట్టడానికి సాలెహా ఒక చలికాలం అక్కడికి వెళ్లింది. పని ముగిశాక శిక్షకుడు భద్రయ్య ఆమెను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దించాడు. మరుసటి ఆదివారం ఆమె మళ్లీ వచ్చి, "నాకు నేర్పుతరా సార్?" అని అడిగింది.

నేర్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. ఒంటరిగా ఎగిరే అనుమతి వచ్చాక కూడా ఆమెకు స్థిమితం లేదు. క్లబ్బు చుట్టూ తిరిగి అదే మైదానంలో దిగడం ఆమెకు ఎగిరినట్టే అనిపించేది కాదు. బాన్సువాడ మీదికి వెళ్లి తిరిగి రావాలి.

"నల్లరేగడి మీద ఫికర్ లేదు. మీ దిక్కంత కాలువ నీళ్లు. తడి పొలాల మీద గాలి లేవదు. మంజీర కాడ ఎత్తు చాలకుంటే ఎనక్కి మర్లాలె," అన్నాడు భద్రయ్య.

పోయినేడు జనవరిలో బయల్దేరింది. ఆమె ఎక్కడ దిగితే అక్కడ గ్లైడర్ రెక్కలు విప్పి తెచ్చేందుకు తమ్ముడు తౌహీద్ జీపుకు ట్రాలీ కట్టుకుని రోడ్డు వెంట వస్తున్నాడు. పత్తి చేల మీద గద్దలు తిరుగుతున్న చోట ఆమె కూడా చుట్లు తిరిగి ఎత్తు సంపాదించింది. మంజీర నది ఇసుక దాటగానే గాలి చప్పబడింది.

"ఆపా, కిందికొస్తున్నవ్. మర్లు," అన్నాడు తౌహీద్ రేడియోలో.

దూరాన మసకలో బాన్సువాడ ఇళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి. వెనక్కి తిరగడానికి ఆమె చెయ్యి రాలేదు.

"ఇగ కొంచెమే," అంది.

ఆ కొంచెం దూరంలోనే ఎత్తంతా కరిగిపోయింది. కింద ఎటు చూసినా నాట్లు వేసిన మళ్లు, ఎండకు మెరుస్తున్న నీళ్లు. ఒక తండా పక్కన మక్కజొన్న కోసిన చెలక ఒక్కటే ఎండిన నేల. అటు తిప్పి దిగుతుంటే చెలక మధ్యలో ఒక ఆవిడ బర్రెను తోలుకుపోతోంది. సాలెహా పక్కకు తిప్పింది. రెక్క కొస గట్టుకు తగిలి ఫట్‌మని విరిగింది. గ్లైడర్ గిర్రున తిరిగి ఆగింది. బర్రె బెదిరి పక్క మళ్లలోకి పరుగు తీసింది.

ఆవిడ పేరు దేవ్లి. దగ్గరికి వచ్చి, "దెబ్బ తాకిందా బిడ్డా?" అని అడిగింది. లేదని తెలియగానే గొంతు పెంచింది. "గిక్కడ దిగుడేంది? నా బర్రెను ఎవరు పడతరు?"

ఇద్దరూ మోకాలి లోతు బురదలో బర్రె వెంట పడ్డారు.

వాళ్లు బర్రెను తోలుకుని వచ్చేసరికి తౌహీద్ అక్కడున్నాడు. విరిగిన రెక్క, ఖాళీ సీటు చూసి అతను నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. అక్కను చూశాక కూడా ఏడుపు ఆగలేదు. ఆమె పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది.

భద్రయ్య ఆ చలికాలమంతా ఆమెను ఎగరనివ్వలేదు. ఎదురు చెప్పకుండా ప్రతి ఆదివారం వెళ్లి రెక్క బాగుచేసే పనిలో సాయపడింది. దుకాణంలో మాత్రం సూదులు తెగ విరిచింది.

ఈ చలికాలం మళ్లీ అనుమతి ఇచ్చాడు. మంజీర దాకా వచ్చింది. ఎత్తు చూపే ముల్లు కిందికి జారుతుండటం చూసింది, ఊరి వైపు చూసింది, పళ్లు బిగబట్టి వెనక్కి తిప్పింది. క్లబ్బు మైదానంలో దిగాక చాలాసేపు సీట్లోంచి లేవలేదు.

తౌహీద్ నవ్వుతూ పరుగెత్తుకొచ్చాడు. "మంచిగ మర్లినవ్ ఆపా!"

ఆమె నవ్వలేదు. బెల్టు విప్పుతూ ఆకాశం వైపు చూసింది.

"వచ్చే ఐతారం ఎండ గట్టిగుంటదంటనా?" అని అడిగింది.