మీటింగుకి వచ్చిన చిల్లు బిందెలు

మా చోడవరం కాలనీలో వీధంతటికీ ఒకటే కుళాయి. రెండోది కావాలంటే ఇంటికొకరు మీటింగుకి వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఆ మీటింగు ఈ రోజు సరిగ్గా నీళ్లొచ్చే వేళకే పెట్టారు. ఆఫీసరు వచ్చేసరికి కుర్చీల నిండా ఖాళీ బిందెలే.

“ఇదేంటమ్మా?” అని, అప్పుడే తన బిందె పెడుతున్న మా పక్కింటి సత్తెమ్మని అడిగాడు.

“వరసలో బిందెడితే మనిషున్నట్టే కద బాబూ! నీళ్లట్టుకొని వచ్చేస్తన్నాం.”

“అన్నీ చిల్లు బిందెలేనే!”

“మంచివి కుళాయి కాడున్నాయి. మీటింగులో నీళ్లేటైనా పోస్తారేటి?”

ఆయన నవ్వి కూర్చున్నాడు. కుళాయి ఆగాక ఎవరి బిందె తీసి వాళ్లు కూర్చున్నాం. సంతకాలన్నీ పడ్డాయి. ఇంకో మీటింగు ఉందట, అందుకే నా చిల్లు బిందె పారెయ్యలేదు. మీ వీధిలో మీటింగులకి మనుషులొస్తారా, బిందెలొస్తాయా?