పాప కోసం గొలుసు ఉపవాసం

పాపకు మూడో నెల నడుస్తుండగా నేను క్రీస్తులా కావాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు కాగితం మీద చూస్తే ఈ మాట వెర్రిగా ఉంది. అప్పుడు అలా అనిపించలేదు. రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. ఫస్టు క్లాసులో పాసయి, పెళ్ళయి బెంగళూరు వచ్చి, ఒక వఠారంలో రెండు గదుల ఇంట్లో పగలంతా బిడ్డ ఊపిరి లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. ఏదైనా ఒకటి మొదటి నుంచి చివరి దాకా సాధించాలని ఉండేది.

శుక్రవారం సాయంత్రాలు మా ముందుగదిలో ప్రార్థన కూటం జరిగేది. పన్నెండు మందిమి, అందరం తెలుగువాళ్ళం. నర్సులు, టీచర్లు, ఫ్యాక్టరీ ఉద్యోగులు. నడిపేది మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలోనే ఫిట్టర్‌గా ఉండే ఒక అన్న. సన్నగా, ఎత్తుగా ఉండేవాడు, గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. క్రీస్తు చేరిన స్థితికి మామూలు విశ్వాసి కూడా చేరవచ్చనేది ఆయన బోధ. చేరకపోతే తప్పు మనదేనట.

ఒక శుక్రవారం మా సంఘం పాస్టరు అయ్యగారు కూడా వచ్చారు. ఇద్దరికీ వాదన పడింది.

"పెద్దన్న క్రీస్తు మేడెక్కాడు. ఎందుకెక్కాడు అయ్యగారూ? మనల్ని కింద నిలబెట్టి చెయ్యూపడానికా, పైకి రమ్మనడానికా?" అన్నాడు అన్న.

"రమ్మనడానికే. కానీ మేడ ఎక్కడం వేరు, మేడ నాదనుకోవడం వేరు. ఆయన కన్నకొడుకు. మనం దత్తత పిల్లలం."

"దత్తత పిల్లలకు ఆస్తిలో వాటా రాదా?"

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, జవాబు వెతుక్కుంటుంటే, గోడకు ఆనుకుని కూర్చున్న సిస్టరమ్మ అందుకుంది. "వాటాలు తర్వాత పంచుకోండప్పా, టీ చల్లారిపోతాండాది."

సిస్టరమ్మ అంటే శివాజీనగర్ వైపు ఒక నర్సింగ్‌హోంలో నర్సుగా పనిచేసే పెద్దావిడ. యాభై దాటి ఉంటుంది. కడప జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. వాదనల్లో ఎప్పుడూ పాల్గొనేది కాదు.

నాకు ఆ వాదన కంటే అన్న చెప్పిన సాక్ష్యం మనసులో నిలిచింది. అంతకు ముందు సంవత్సరం లెంటులో, అంటే ఈస్టరు ముందరి ఉపవాస దినాల్లో, ఆయన నలభై రోజులు పగటిపూట ఏమీ తినకుండా ఉన్నాడట. ఇరవై ఎనిమిదో రోజున తనలోంచి భయం వెళ్ళిపోయిందట. మళ్ళీ రాలేదట. ఆ ఒక్కమాట నాకు చాలు. నా రోజంతా భయమే. పాప నిద్రలో కదలకపోతే భయం, కదిలితే భయం. మా ఆయన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే భయం. తుఫానులో పడవ ఊగుతుంటే క్రీస్తు నిద్రపోయాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నాకు కావలసింది ఆ నిద్ర.

"అన్నా, ఆడవాళ్ళు కూడా అలా కాగలరా?" అని అడిగాను.

"ఆత్మకు ఆడా మగా ఏముందమ్మా? ఒకటే షరతు. చేసేది ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఫలం పోతుంది."

పాలిచ్చే తల్లినని ఆయనకు తట్టలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

లెంటు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నేనూ మొదలుపెట్టాను. మా ఆయనది మొదటి షిఫ్టు. ఉదయం ఆరింటికి వెళ్ళిపోతే రెండు పూటలూ క్యాంటీన్ తిండే, కాబట్టి నేను తినడం లేదని తెలిసే వీలు లేదు. రాత్రి ఆయనతో పాటు కొంచెం తినేదాన్ని. మిగతా రోజంతా మంచినీళ్ళు. వారం గడిచేసరికి తల తేలికయింది. వఠారంలో తీగ మీద ఆరేసిన బట్టల రంగులు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించేవి. ఒక మధ్యాహ్నం పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. నేను పక్కనే కూర్చుని, ఆ ఏడుపు ఎక్కడో వీధి చివర నుంచి వస్తున్నట్టు విన్నాను. నాకు భయం వెయ్యలేదు. ఇదే శాంతి అనుకున్నాను. అన్నకు ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది నాకు తొమ్మిదో రోజునే వచ్చిందని కాస్త గర్వపడ్డాను కూడా.

పదహారో రోజు పాపను బరువు తూచడానికి తీసుకెళ్ళాను. కార్డు మీద నెలనెలా పైకి ఎక్కుతున్న గీత ఈసారి ఎక్కలేదు. డాక్టరమ్మ పాపను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాలు సరిపోతున్నాయా? మీరు బాగా తింటున్నారా?"

"తింటున్నాను" అన్నాను. రాత్రి తింటున్నాను కదా, అబద్ధం కాదనుకున్నాను.

మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మంది. అప్పటికీ పెరగకపోతే గుండె పరీక్ష చేయించాలంది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నా శాంతి ఏమయిందో తెలియదు. పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పక్కనున్నామె "మెల్లగా పట్టుకోమ్మా" అని కన్నడంలో మందలించింది.

మర్నాడు శుక్రవారం. కూటంలో చెప్పి ఏడ్చాను. అక్కడికక్కడే గొలుసు ఉపవాసం నిర్ణయమైంది. మా కూటాల్లో ఎవరికి పెద్ద కష్టం వచ్చినా అదే పద్ధతి. వారంలో ఒక్కో రోజును ఒకళ్ళో ఇద్దరో తీసుకుని, ఆ పగలంతా పస్తుండి, మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళి ప్రార్థన చేస్తారు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకోవాలి, గొలుసు తెగకూడదు. నోటుపుస్తకం కాగితం మీద రోజులు గీసి, పేర్లు రాసి మా తలుపు పక్కన అంటించారు. సోమవారం మా ఆయన, గురువారం సిస్టరమ్మ, శనివారం పైవీధి టీచరక్క. బుధవారం నాకు వేశారు. తల్లి ఉపవాసానికి బలం ఎక్కువన్నారు. నాకూ అలాగే తోచింది. బుధవారం రాత్రి అన్నం కూడా మానేశాను.

ఆ గురువారం సిస్టరమ్మ పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. పాప తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. తర్వాత పాపను నా ఒళ్ళోంచి తీసుకోబోతూ నా మొహం దగ్గర ఆగిపోయింది.

"పొద్దున ఏం తింటివి?"

"నా వంతు నిన్న సిస్టరమ్మా. ఇవాళ మీది."

"నా వంతు నాకు తెల్సు. నిన్ను అడుగుతాండా."

నేను పాప దుప్పటి సర్దుతూ మొహం పక్కకు తిప్పుకున్నాను.

"నోరు తెరువు. మాగిన పండు వాసన. ఒక్క పూట పస్తుకి రాదిది. ఎన్నాళ్ళాయె?"

రోజుల తరబడి పస్తుంటే ఊపిరిలో వచ్చే ఆ ఎసిటోను వాసన నాకు తెలియనిది కాదు. మూడేళ్ళు ల్యాబులో పీల్చినదాన్నే. నా నోటిది నాకు తెలియలేదు, అంతే.

"ఇరవై మూడు రోజులు" అన్నాను.

సిస్టరమ్మ పాపను భుజాన వేసుకుంది. "ఇంతమందిమి ఎందుకు ఎండుతాండామో తెల్సా? నీ బిడ్డకి నువ్వు ఎసరు పెట్టుకుంటాంటే, ఆ బిడ్డని బతికించు సామీ అని దేవుణ్ణి అడిగేదానికి."

"క్రీస్తు నలభై రోజులు..."

"ఉండినాడు. ఒళ్ళో చంటిబిడ్డ లేదు తల్లీ ఆయనకి."

పాపను నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలు తీసి మూసిన చప్పుళ్ళు వినిపించాయి. కాసేపటికి రాగి గంజి కాచి, బెల్లం కలిపి, పెద్ద లోటాలో తెచ్చింది.

"తీపి చాలిందో లేదో నువ్వే చెప్పాల. నేను రుచి చూసేదానికి లేదు."

అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పదిమంది రోగుల పక్కలు సర్ది, రెండు బస్సులు మారి వచ్చింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది. సగం తాగాక అడిగాను.

"సిస్టరమ్మా, మనలాంటివాళ్ళు ఎప్పటికైనా క్రీస్తంతటివాళ్ళు కాగలరా?"

"ఏమో, నాకు తెలీదు. వార్డులో ఎవురూ నన్నది అడగలా. తాగు, చల్లారితే గడ్డ కడతాది."

వెళ్ళేటప్పుడు, ఎవరికీ చెప్పవద్దని బతిమాలాను. "నేను చెప్పను. అది నీ సాక్ష్యం" అంది.

ఆ పూట నుంచి తింటూనే ఉన్నాను. నాలుగైదు రోజులకు పాలు మళ్ళీ పడ్డాయి. గొలుసు మాత్రం ఆగలేదు. బయటివాళ్ళు పస్తులుంటే నేను తలుపు గడియ పెట్టుకుని తినేదాన్ని. మా ఆయన సోమవారం సోమవారం క్యాంటీన్ తిండి మానేసి వచ్చేవాడు, ఆయనకూ చెప్పలేదు. ఈసారి తూకంలో పాప గీత పైకి ఎక్కింది. గుండె పరీక్ష అక్కర్లేదంది డాక్టరమ్మ.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు కూటంలో, అన్న నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. అందరూ నావైపు తిరిగారు. దేవుడు ఆలకించాడు, స్తోత్రం, అని కూర్చుంటే సరిపోయేది. లేచి నిలబడ్డాక అలా అనలేకపోయాను. జరిగింది చెప్పాను. నాలుగు వాక్యాలకు మించి పట్టలేదు.

మొదట మాట్లాడింది టీచరక్క. "అంటే మేం కడుపులు మాడ్చుకుంది ఈవిడ గారు అన్నం తినడానికా!"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. మా ఆయన తల వంచుకున్నాడు. అన్న మొహం పాలిపోయింది.

"నాకైనా చెప్పకపోయావేమ్మా?"

"చెబితే ఫలం పోతుందన్నారు కదన్నా."

ఆయన బైబిలు మూసి పక్కన పెట్టాడు. "నేను అడగాల్సింది" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన బోధ మారలేదు. కానీ ఎవరైనా ఉపవాసం ఉంటామంటే ముందు ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయన చెప్పింది నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. పాపకిప్పుడు ఆరేళ్ళు, చెల్లికి రెండు. వాళ్ళు నిద్రపోయాక ఇది రాస్తూ, మధ్యమధ్య లేచి వెళ్ళి ఊపిరి ఆడుతోందో లేదో చూసివస్తున్నాను. నాకు తెలిసింది ఇంతే.

ఆ శుక్రవారం అందరూ చెప్పులు వేసుకుంటుండగా టీచరక్క కాగితం వైపు చూపించింది. "రేపు నా వంతు. ఉండాలా, మానాలా? ఎవరైనా చెప్పండి."

అందరూ ఒక్కొక్కరే బయటికి నడిచారు.

మర్నాడు బడి వదలగానే ఆవిడ వచ్చింది. ఆ వేళకు వస్తుందనుకోలేదు. తలుపు తీసే ఉంది, నేను నేలమీద కంచం ముందు కూర్చుని ఉన్నాను, పాప ఒళ్ళో పాలు తాగుతోంది. లేవబోయాను. చేతికి పప్పన్నం.

"కూర్చో, కూర్చో" అంది విసుగ్గా. పస్తుతో ఎండలో నడిచివచ్చి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా ఎదురుగా మోకాళ్ళూని, కొంగు తలమీదికి లాక్కుని, పాప పాదం మీద చెయ్యి వేసింది.

"నేను కళ్ళు మూసుకుంటాను. నువ్వు తినెయ్."

ప్రార్థన ఎప్పటికంటే ఎక్కువసేపు చేసింది. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.