పంటు మీద చెప్పిన అబద్ధం

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాక, పక్కన నిలబడ్డ ఒకావిడ నా ఫోన్‌లోకి తొంగి చూసింది. అందులో ఒక చెవి చిరిగిన బావురుపిల్లి ఫొటో ఉంది. చేపలు పట్టుకు తినే ఆ అడవిపిల్లులు గోదావరి మడ అడవుల్లో ఎన్ని మిగిలాయో లెక్క తేల్చడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా జంతువుల్ని లెక్కిస్తున్నా, ఈ పిల్లిని మాత్రం కెమెరాల్లో తప్ప కళ్లారా చూడలేదు.

"ఇది మా చెరువుగట్టు మీదకి వచ్చేదేనండి," అందామె. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటుందట. "నిరుడు మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటే దక్కింది. చచ్చిన రొయ్యలు దానికే వదిలేస్తామండి, ఆడకూతురు కదా."

పిల్లిని ఆడకూతురు అనడం నేనెక్కడా వినలేదు. అయినా నవ్వు రాలేదు, ఆమె మీద అసూయ కలిగింది. ఇలాంటి పిల్లల సంగతి తెలుసుకోవడానికే రెండేళ్లుగా మడ అడవుల్లో కెమెరాలు పెడుతున్నాను.

"మీరూ చూశారేంటండి దాన్ని?"

"చాలాసార్లు," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "అయితే దాని చెవి ఎలా చిరిగిందో కూడా మీకు తెలిసే ఉంటుందిలెండి!"

తెలుసన్నట్టు తలూపాను. ఆమె ఇక చెప్పలేదు. నరసాపురం రేవు రాగానే సంచీ అందుకుని దిగిపోయింది. వెనక్కి పిలిచి అడగడానికి నాకు నోరు రాలేదు.