భూపతి గురించి శరణప్పతో ఆగిపోయిన వాదన

నిన్న పొద్దున శరణప్ప నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

మొదటిసారి నేను ఎత్తలేదు.

నాలుగు రోజులుగా మా మధ్య మాటల్లేవు. తప్పు ఒప్పుకోవడానికి చేస్తున్నాడు, కాసేపు మోగనీ అనుకున్నాను.

రెండోసారి ఎత్తాను. మాట్లాడింది వాళ్ళావిడ, కళావతి వదినె.

"నర్సన్న, మీ దోస్తు లేడు. చాయ్ కప్పు పట్టుకున్నోడు పట్టుకున్నట్టే ఒరిగిండు" అన్నది.

ఫోన్ పెట్టేశాక నా చెప్పులు ఎక్కడున్నాయో కనిపించలేదు. గుమ్మం ముందే ఉన్నాయి.

నాకు రాత అంతగా రాదు. నేను చెబుతుంటే మా కోడలు ఈ పోస్టు టైప్ చేస్తోంది.

శరణప్పది జహీరాబాద్‌లో పప్పుల దుకాణం. వాళ్ళ తాత బీదర్ వైపు నుంచి వచ్చి పెట్టాడు. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు. కందులు అరచేతిలో పోసుకుని అవి ఝరాసంగం చేనువో రాయికోడ్ చేనువో చెప్పేవాడు. తప్పేవాడు కాదు.

మూడేళ్ళ కింద నా భార్య పోయాక నేను గడప దాటలేదు. వచ్చినవాళ్ళందరూ ధైర్యం చెప్పేవాళ్ళే. నాకు అది పడదు. లేచి లోపలికి పోయేవాణ్ణి.

శరణప్ప వచ్చి ధైర్యం చెప్పలేదు. టీవీ వైపు చూశాడు. అందులో ఆమె రోజూ చూసే సీరియల్ నడుస్తోంది. ఆమె పోయాక కూడా ఆ టైముకు నేనే పెట్టేవాణ్ణి.

"గీ సీరియల్ల పొలం కాగితాలు ఎవరు కాజేసిన్రంటవ్?" అని అడిగాడు.

"చిన్న కోడలు" అన్నాను. చాలా రోజుల తర్వాత నేను ఒక మనిషికి ఇచ్చిన జవాబు అది.

"కాదు, లెక్కలు రాసేటోడు. రేపు దుకాణానికి రా, తేల్చుకుందం" అని వెళ్ళిపోయాడు.

తెల్లారి వెళ్ళాను.

ఇక రోజూ అదే పని. సాయంత్రం ఎవరింట్లో వాళ్ళం చూడటం, పొద్దున జొన్నల బస్తా మీద కూర్చుని కొట్లాడటం. పాత ఫొటోలో చింపేసిన ముఖం ఎవరిది? అత్త ఆ గదికి తాళం ఎందుకు వేసింది? పప్పు కోసం వచ్చినవాళ్ళు సంచి పట్టుకుని వింటూ నిలబడేవాళ్ళు.

ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. కాగితాలు తీసింది చిన్న కోడలే అని తేలిన రోజు దుకాణంలో అందరికీ వినబడేట్టు అన్నాను.

"పప్పు ఏ ఊరిదో చెప్తవ్ గని, మనిషి ఎసుంటోడో చెప్పనీకి రాదు నీకు."

"నీ అంత తెలివి నాకేడిది నర్సన్న. చాయ్ తాగు" అన్నాడు. ఎప్పుడూ అదే మాట.

ఒక్క భూపతి దగ్గరే ఒప్పుకోలేదు.

భూపతి ఆ సీరియల్ ఇంట్లో పెద్ద కొడుకు. మిల్లు తగలబడితే నింద అతని మీద పడింది. ఒక్క మాట మాట్లాడకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో ఇంకా చూపించలేదు.

"పిరికోడు. తప్పు చేసి పారిపోయిండు" అన్నాను.

"పిరికోడు గాదు" అన్నాడు శరణప్ప.

నవ్వుతాడని చూశాను. నవ్వలేదు.

"జర ఆగు, నువ్వే చూస్తవ్. ఆ మాట వాపసు తీసుకో నర్సన్న."

"సీరియల్ చూడనీకి ముందు తెలివుండాలె" అని చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చాను.

నాలుగు రోజులు పోలేదు. ఐదో రోజు ఆ ఫోన్.

నిన్న సాయంత్రం వాళ్ళ లింగాయతుల ఆచారం ప్రకారం గుంతలో కూర్చోబెట్టి మట్టి చేశారు. నేనూ పిడికెడు వేశాను.

ఈ పొద్దున వదినె దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నేను అన్న మాట దాచకుండా చెప్పాను.

"గా సీరియల్ కన్నడలో ఎప్పుడో అయిపోయింది నర్సన్న. ఇద్దరం మొత్తం చూసినం. గదే కథ మల్ల తెలుగుల తీస్తున్నరు."

అంటే ప్రతి జవాబూ శరణప్పకు ముందే తెలుసు.

"మరి అన్నిసార్లు ఎందుకు ఓడిండు?"

"నువ్వు గెలిస్తెనే తెల్లారి వస్తవట. ఓడితె మల్ల ఇంట్ల కూసుంటవట. గిదేం పిచ్చి అని నేను గూడ అడిగిన. వాడు వస్తున్నడు గద, అన్నడు."

నిజమే. శరణప్ప ఒప్పుకోని ఆ ఒక్కసారీ నేను ఇంట్లోనే కూర్చున్నాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. నేను తప్పు దారిలో పోతుంటే "మరి తాళంచెవి ఎవరి కాడ ఉండె?" అని అడిగేవాడు. నేను మాట మార్చుకోగానే, నేను వదిలేసిన తప్పు జవాబును తను పట్టుకునేవాడు.

"భూపతి ముచ్చటల మాత్రం ఎందుకు ఒప్పుకోలె వదినె?"

"ఊకుందామనే అనుకున్నడట. మంచోన్ని పట్టుకొని పిరికోడంటుంటె నోరు ఆగలే అన్నడు. ఆ భూపతి ఎందుకు పోయిండంటె..."

"చెప్పకు వదినె" అన్నాను.

మీలో ఎవరైనా కన్నడలో చూసి ఉంటే మీరు కూడా చెప్పకండి. అది టీవీలో వచ్చిన రోజు చూస్తాను. చూశాక ఒప్పుకుంటే అందులో గొప్పేముంది? అందుకే ఇప్పుడే, ఏమీ తెలియకుండానే, మీ అందరి ముందు చెబుతున్నాను.

శరణప్పా, భూపతి పిరికోడు కాదు.

నా మాట వాపసు తీసుకుంటున్నాను.

దుకాణం మళ్ళీ తెరిచిన రోజు వస్తాను. ఓడిపోయినా వస్తాను.

నువ్వు కూర్చున్న చోట నిమ్మళంగా ఉండు, దోస్తు.