దాసు పేరు పక్కన చుక్క

బుడాన్ సాహెబ్ చివరగా చేసిన పని పెన్సిలు చెక్కుకుని, పొడుగు నోటుబుక్కులో దాసు పేరు పక్కన ఒక చుక్క పెట్టడం. తర్వాత టీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించారు.

"రేపు బడి నుంచి వచ్చేక ఇవి ఎక్కించీ బేటీ," అన్నారు కూతురు తహమీనాతో. తెల్లవారేసరికి ఆయన లేరు.

ముప్పై నాలుగేళ్లు చోడవరం చుట్టుపక్కల ఉత్తరాలు పంచిన మనిషి. రిటైరయ్యాక ఒకరోజు కువైట్‌లో పనిచేసే ఊరి కుర్రాడు ఇంతియాజ్ ఫోన్ చేశాడు. "చాచా, ఇక్కడ మనోళ్లందరికీ ఊరికి ఏదోటి పంపాలనే ఉంది. ఎవరికి ఏటి కావాలో ఎలా తెలుస్తాది? దుప్పట్లు పంపితే మూడేసి దుప్పట్లున్న ఇళ్లకే ఎల్తన్నాయి."

ఆ మాటతో ఆయన మళ్లీ సైకిలెక్కారు. గోవాడ, రోలుగుంట, దేవరాపల్లి. ప్రతి ఇంట్లో మంచినీళ్లడిగి, కాసేపు కూర్చుని, వాళ్లకేం కావాలో, ఏం అక్కర్లేదో రాసుకొచ్చేవారు. హైస్కూల్లో పాఠాలు చెప్పే తహమీనా దాన్ని కువైట్‌లో అందరూ ఫోన్లో చూసుకునే పట్టికగా మార్చేది. వచ్చిన వస్తువు మాత్రం ఆయనే పట్టుకెళ్లి ఇచ్చేవారు.

"పుస్తకం నిండా పెన్సిలు మచ్చలే అబ్బాజాన్! ఆలోచించుకున్నాక రాయకూడదూ?" అని ఒకసారి తండ్రిని వేళాకోళం చేసింది.

"ఆలోచించే పెడతన్నానే," అని నవ్వారాయన.

నలభయ్యో రోజు తండ్రి కోసం ఫాతిహా ప్రార్థన అయ్యాక తహమీనా నోటుబుక్కు ముందేసుకుంది. తండ్రి రాసిన ఒక్క మాటా పోకూడదని, మిగిలిపోయిన అరవై రెండిళ్లూ పట్టికలోకి ఎక్కించింది. ఆఖరి పేరు దాసుది. చెరకు నరికే ముఠాకి మేస్త్రీ. షుగరుతో విశాఖలో కాలు తీసేశారు. చక్రాల కుర్చీ కావాలి.

సెలవు మీద వచ్చిన కువైట్ కుర్రాళ్లు పదిరోజుల్లో కుర్చీ తెచ్చారు. బుడాన్ సాహెబ్ పేరుతో బ్యానరు కట్టి, దాసు ఏదో అనేలోపే వీధిలోకి తెచ్చి కూర్చోబెట్టి ఫొటో తీశారు. బ్యానరు మీద తండ్రి పేరు చూసి తహమీనా ఏడ్చింది.

మూడోరోజు దాసు భార్య అచ్చియ్యమ్మ ఆ కుర్చీని ఆటోలో వేసుకొచ్చింది.

"ఏం అచ్చియ్యమ్మా, కుర్చీ బాగులేదా?"

"కుర్చీకేటమ్మా, సింహాసనంలాగుంది. ఆ ఫొటో మా కూలోళ్ల ఫోనుల్లోకొచ్చేసింది. దెబ్బ తగిలింది, సీజనుకి లెగుస్తానని సెప్పి ముఠాని ఆపుకున్నాడు ఆయన. కాలే లేదని తెలిసిపోయి ఇరవైమందీ ఇంకో మేస్త్రీ కాడ చేరిపోయేరు. ఇంక దీన్ని కళ్లతో సూడనంటన్నాడు."

తహమీనా ఆటోలోంచి కుర్చీ దించబోయింది. అచ్చియ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ మీద కోపం కాదు తల్లీ. మీ నాన్నగారు మాటిచ్చేరు కదా, వీధిలో ఎవులికీ తెలీకుండా తానే తెస్తానని. అలాటోళ్ల పేరు కాడ చుక్కెట్టుకుంటారంట. నీకు సెప్పలేదేటి?"

ఆటో వెళ్లిపోయాక తహమీనా నోటుబుక్కు తెరిచింది. పెన్సిలు ఆనించి ఆలోచించేటప్పుడు పడ్డ మచ్చలనుకుంది ఇన్నాళ్లూ. అరవై రెండు పేర్లలో పంతొమ్మిదింటి పక్కన చుక్కలున్నాయి. ఒక్కో పేరుకి ఒక్కటే, గట్టిగా ఒత్తి పెట్టినవి.