చెయ్యి మంచిది కాదన్నారు

నా చెయ్యి మంచిదని హిందూపురంలో పేరు. కొత్త కంప్యూటర్ బిగించాలన్నా, చచ్చిన కంప్యూటర్‌ను లేపాలన్నా ఆ పిల్లోని చెయ్యి పడితే చాలంటారు. పిల్లోణ్ణి కాదిప్పుడు, తల నెరిసింది, అయినా అట్లాగే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల మీద కాదు, ఈ చెయ్యి మీద. దీని కింద ఒక ఆడమనిషి బతుకు నలిగిపోయింది. ఆ సంగతి ఇన్నేళ్లుగా నాకొక్కడికే తెలుసు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఆయనకు తెలిసే ఉంటుందిలే అని దాటవేశాను.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒకటి మాత్రం ముందే చెప్పుకోవాలి. అప్పుడు నీది చిన్న వయసు, పోనీలే అని మాత్రం అనకండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ పని చెయ్యలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. హిందూపురంలో ఒక కంప్యూటర్ అంగడిలో పని చేసేవాణ్ణి. బెంగళూరు నుంచి విడిభాగాలు తెచ్చి, బిగించి అమ్మేవాళ్లం. ధర్మవరంలో పట్టుచీరలు నేయించే ఒక సావుకారి దగ్గర నుంచి ఆర్డరు వచ్చింది. చీర అంచుల డిజైన్లు వెయ్యడానికి కంప్యూటర్ కావాలట. అప్పటిదాకా ఆ ఇంట్లో డిజైన్లను గళ్ల కాగితం మీద చేత్తో రంగులు నింపి వేసేవాళ్లు. వేసేది ఆ ఇంటి పెద్దకోడలు, సావుకారికి వదిన. ఆమె భర్త పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఆమె పేరు రాయను. రాసే హక్కు నాకు లేదు.

కంప్యూటర్ తెప్పించమని మరిది వెంట పడింది కూడా ఆమే. ఆమె పుట్టిల్లు పెనుకొండ. అక్కడ కొన్ని నెలలుండి, ఒక సెంటర్‌లో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే పని నేర్చుకుని వచ్చింది. నేను సామాను దించుతుంటే ఎదురొచ్చి, డబ్బాల మీద రాతలు చదివి, "మెమరీ ఎంత వేస్తాండావప్పా? డిజైను పెద్దదైతే ఆగిపోతాది, చూసుకో" అంది. నాకు నవ్వొచ్చింది. ముచ్చట కూడా వేసింది. ఆ ఇంట్లో ఆ పెట్టెను చూసి బెదరని మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు అది ఒక ఖరీదైన టీవీ. ఆమెకు అది కూర్చునే చోటు. మగడు పోయిన కోడలికి అత్తింట్లో ఒక కుర్చీ, ఒక పని, తన అవసరం ఇంకా ఉందని చెప్పుకునే ఒక దారి. ఇదంతా నాకు ఆ పూటే అర్థమైంది. అర్థమయ్యే చేశాను. తెలియక చేసి ఉంటే ఇంత మంట ఉండేది కాదు.

మామూలుగా మేము అంగడిలోనే బిగించి, ఒక దినమంతా నడిపి చూసి పంపేవాళ్లం. సావుకారి తల్లి ఒప్పుకోలేదు. మగ్గాన్ని ఎవరన్నా యాడనో బిగించి తెస్తారా, ఇంట్లోనే బిగించాల, మంచి గడియలో కరెంటు ఇయ్యాల అందట. సరేనని విడిభాగాలన్నీ బస్సులో వేసుకుని బయల్దేరాను. సోమందేపల్లి దాటాక టైరు పంక్చరైంది. ధర్మవరం చేరేసరికి గడియ నెత్తి మీద కూర్చుంది. నడింట్లో చాప మీద సామాను పరిచి బిగించడం మొదలుపెట్టాను. చుట్టూ ఇంటిల్లిపాదీ. కిటికీలో ఇరుగుపొరుగు. గడియ పెట్టిన అయ్యవారు గడియారం చూసి "అయిందా నాయనా, అయిందా" అని ఒకటే నస.

చివరి స్క్రూ తిప్పేసరికి గడియ దాటిపోయేట్టుంది. హారతి పళ్లెం తెస్తానని లోపలికి పోయిన చిన్నకోడలు ఎంతకీ రాదు, పిలుచుకొస్తానని సావుకారి తల్లి కూడా లోపలికి పోయింది. కుంకుమ గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది పెద్దకోడలు. "అక్కా, టైమైపోతాంది, మీరే బొట్టు పెట్టేయండి" అన్నాను, ఆమెకే వినపడేట్టు. నేనే అన్నాను. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. నొసట బొట్టు లేని మనిషి. నాకు ఆ ధ్యాసే లేదు. ఆ చూపు ఏం చెబుతోందో అప్పుడు పట్టించుకోలేదు. కాసేపు తటపటాయించి, తర్వాత ఆమెకేం తోచిందో, నవ్వుకుంటూ వేలు ముంచి పెట్టె నెత్తిన చక్కగా బొట్టు పెట్టింది. నేను స్విచ్ వేశాను.

ఫ్యాను తిరిగింది. పచ్చ లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. రావాల్సిన బీప్ శబ్దం కూడా రాలేదు.

"యాడప్పా బొమ్మ?" అన్నాడు సావుకారి.

తెర వైరు ఊడదీసి మళ్లీ పెట్టాను. మెమరీ ముక్కను తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పక్క గాడిలో కూర్చోబెట్టాను. రాలేదు. గోడ ప్లగ్గు మార్చాను. రాలేదు. బోర్డే పోయిందేమో అనుకున్నాను. వెనక్కి తీసుకుపోతే మా ఓనరు నన్ను బతకనిస్తాడా? కిటికీలోంచి ఎవరో "హిందూపురం నుంచి ఇంత దూరం ఫ్యాను మోసుకొచ్చినాడప్పా పాపం" అన్నారు. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఎంత చిన్న నవ్వు అది!

అప్పుడు కనపడింది. వైర్ల గుంపు వెనక, నాలుగు రంధ్రాల చిన్న ప్లగ్గు ఒకటి ఊరికే వేలాడుతోంది. రెండు పసుపు వైర్లు, రెండు నల్లవి. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చేది అదే. పెద్ద ప్లగ్గు పెట్టి, చిన్నది మరిచిపోయాను. ముందటి బోర్డులకు అది ఉండేది కాదు, కొత్తవాటికి వచ్చింది. అది పెట్టకపోతే ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మెదడు మాత్రం లేవదు. అంతే జబ్బు. "అయ్యో, ఇది మరిచిపోతి" అని నేనూ నవ్వేసి పెట్టి ఉంటే అయిపోయేది. ఇంకో రెండు మాటలు అనేవాళ్లు, పడేవాణ్ణి. ఏం పోయేదిరా నీ సొమ్ము?

సరిగ్గా అప్పుడే సావుకారి తల్లి లోపలి నుంచి వచ్చి అడిగింది.

"ఎవురు పెట్టిరి బొట్టు?"

అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు. "నువ్వా? నువ్వు పెడితివా? నీ చెయ్యి మంచిది కాదని తెలిసి తెలిసీ..." అని ముసలామె అక్కడే ఆపేసింది. పెద్దకోడలు నా వైపు చూసింది. నువ్వే కదా పెట్టమంటివి, చెప్పు అన్నట్టు చూసింది.

నేనేం చేశానో తెలుసా? ఆ ప్లగ్గును అరచేతిలో మూసుకున్నాను. మూసుకుని, తల ఎత్తి, "అట్లయితే అది తుడిచేసి, ఇంకొకరితో మళ్ల పెట్టించండమ్మా, చూద్దాం" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడు నయం, మద్దెలను అన్నాడు. నేను మనిషిని అన్నాను. ఎందుకన్నాను? భయమా? భయమే అయితే నోరు మూసుకుంటే సరిపోయేది కదా, ఆ సలహా ఎందుకిచ్చాను? ఇన్నేళ్లుగా దీన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను. జనం కాసేపు లేచి పోవాలి, వైరు పెట్టుకోవడానికి నాకు సందు దొరకాలి, తప్పు నా నెత్తిన పడకూడదు. ఈ మూడూ ఒక్క మాటతో తీరుతాయని నా బుర్రకు అంత వేగంగా ఎట్లా తట్టిందో! బిగించేటప్పుడు పని చెయ్యని బుర్ర, ఒకరి కొంప ముంచేటప్పుడు ఎంత చురుకుగా పని చేసింది! థూ.

నీళ్లకు, గుడ్డకు, హారతికి అందరూ లోపలికి పోయారు. ఆమె పోలేదు. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఏమప్పా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పు."

"చెప్పక్కా."

"పెనుకొండలో దినామూ నా చేత్తోనే ఆన్ చేస్తాంటి. ఒక్క దినం ఆగిపోల్యా. ఈడ నా చెయ్యి తగిల్తే పోతాదా?"

ప్లగ్గు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. దాని అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది.

"ఏమోక్కా. కరెంటు సామాన్లు. ఎందుకు పోతాయో ఒక్కోసారి మాకే తెలీదు."

"అంటే, పోవచ్చంటావా?"

తేలు కుట్టిన దొంగకు నోరు ఎట్లా పెగులుతుంది? ఆమె తన వేలు చూసుకుంది. కొసన కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. కొంగు లోపలి వైపు తుడుచుకుని, "సరేలేప్పా" అని లోపలికి పోయింది.

ప్లగ్గు పెట్టాను. టక్కుమని కూర్చుంది. చిన్నకోడలు కొత్తగా బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. స్విచ్ వేశాను. బీప్ అంది. బొమ్మ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూస్తిరా?" అంది ముసలామె. ఇంకేం కావాలి? శాస్త్రం రుజువైపోయింది. రుజువు చేసింది కంప్యూటర్ నేర్చిన మొనగాణ్ణి, నేను. సావుకారి నా భుజం తట్టి, "నీ చెయ్యి మంచిదప్పా" అన్నాడు. డిగ్రీ చదివినవాడు ఆయన. ఇంగ్లీషు పేపరు చదివేవాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్ల మీద కూడా నాకు కోపమే. నేను అబద్ధమాడాను సరే, అంత సులువుగా నమ్ముతారా? నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నారు, నేను ఊతమిచ్చానంతే. అయినా ఆ మాట నన్ను కాపాడదు.

తర్వాత సర్వీసుకని మళ్లీ వెళ్లాను. కంప్యూటర్ ముందు అనంతపురం నుంచి తెచ్చిన ఆపరేటర్ కూర్చున్నాడు. ఆమె గది బయటి నుంచే నాకు మంచినీళ్లు ఇచ్చింది. గడప దాటలేదు. ఆ గదిలోకి ఆమె రాకూడదని కట్టడి చేశారని ఆపరేటరే చెప్పాడు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించే పూట కూడా ఆమెను ఎదురు రానివ్వడం లేదట. ముందు ఆ కట్టడి లేదట, ఈ కంప్యూటర్ సంగతి జరిగాకే మొదలైందట. గళ్ల కాగితాలు తేవడం కూడా మానేశారట, ఇంక వాటితో పనేముంది? నేను నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చేశాను. అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ఇంటి మాట మీద ధర్మవరంలో వీధి వీధికీ నాకు ఆర్డర్లు వస్తున్నాయి మరి.

ఆ తర్వాతిసారి వెళ్తే ఆమె లేదు. పెనుకొండకు పోయింది, కొన్నాళ్లు ఉండి వస్తుంది అన్నారు. రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సు పెనుకొండలో ఆగుతుంది. ఒకసారి స్టాండులో ఆమె కనపడింది. చేతిలో కుట్టు బట్టల మూట. కిటికీలోంచి నన్ను చూసి, గుర్తుపట్టి, పలకరించబోయింది. పలకరించబోయింది, తిట్టబోలేదు! నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు సీటు కిందికి వంగాను. బస్సు కదిలేదాకా వంగే ఉన్నాను. దారి పొడవునా నాకు ఆమె మీదే కోపం వచ్చింది. ఆ రోజు నలుగురిలో "వీడే పెట్టమన్నాడు" అని ఎందుకు అరవలేదు? ఎందుకు నన్ను కాపాడింది? చేసింది నేను, కోపం ఆమె మీద. నా నీచం ఎంత లోతుకు పోయిందో చూడండి.

ఇప్పుడు నాకు సొంత అంగడి ఉంది. పని నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం ఇదే చెబుతాను. ఫ్యాను తిరిగి బొమ్మ రాకపోతే మొదట ఆ నాలుగు రంధ్రాల ప్లగ్గు చూడండ్రా అని. ఎంత అనుభవం సార్ మీకు అంటారు. అనుభవమే.

పెనుకొండ ఎంత దూరం? బస్సెక్కితే గంట. ఆమె ఉందో లేదో కూడా కనుక్కోలేదు. వెళ్తానని మీకు మాట ఇవ్వను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, నేను చేసింది మీకు కాదు. కానీ ఆ గుమ్మం దగ్గర ఆమె అడిగిన దానికి ఈ నోరు ఇన్నాళ్లూ జవాబు చెప్పలేదు. ఆమె వినకపోయినా సరే, ఒక్కసారన్నా చెప్పనివ్వండి.

పోదక్కా. నీ చెయ్యి తగిల్తే ఏమీ పోదు. నేను వైరు పెట్టలేదు.