దుప్పుల కొమ్ములు, తెల్ల తువ్వాళ్లు

కిందటి నెలలో మా రిటైర్డు టీచర్ల బృందం యాత్రకి వెళ్లి, దర్శనాలన్నీ అయ్యాక తిరుగు రైలు ఆలస్యమై, పూర్వం బట్టల మిల్లులతో హోరెత్తి ఇప్పుడు చల్లారిన పొగగొట్టాలు మాత్రం మిగిలిన ఒక ఉత్తరాది ఊళ్లో పూటంతా చిక్కుబడిపోయింది. తక్కినవాళ్లు చీరల కొట్ల మీద పడ్డారు గానీ, ఉద్యోగమంతా పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన నా బుద్ధి ఎక్కడికి పోతుంది, ఎవరో మిల్లు యజమాని ఆ రోజుల్లో కట్టించిన మ్యూజియం ఉందంటే అటే దారి తీసింది. కింద చిత్రాలు, పైన జంతువులు. కింది గదుల్లో గోడల నిండా యుద్ధాలే; గుర్రాల కింద పడ్డవాళ్లు కూడా జుట్టు చెదరకుండా, పెళ్లి ఫొటోకి కూర్చున్నట్టు చచ్చిపోతున్నారు. నాకు నవ్వొచ్చింది. మనిషిని కొడితే ఎలా ఉంటుందో ఆ గీసినాయన చూసి ఉండడు, నేను చూశాను.

మెట్లెక్కి పైకి వెళ్లాక ఆ నవ్వు పోయింది. గాజు బీరువాలో రెండు దుప్పులు, కొమ్ముల్లో కొమ్ములు చిక్కుకుని, మోకాళ్ల మీద కూలి ఉన్నాయి. పోట్లాడుకుని, విడిపించుకోలేక, మేతా నీళ్లూ లేక రెండూ అలాగే చచ్చిపోయాయని, విడదీయకుండానే లోపల గడ్డి కూరి పెట్టారని అక్కడి కాపలా ఆయన చెప్పాడు. ఇలాంటి సంగతి తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కనాడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు మాత్రం పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాను. నా కళ్లకి దుప్పులు కనపడలేదు, మా నాన్నగారూ బాబాయిగారూ కనపడ్డారు.

మాది రాజోలు దగ్గర, గోదావరి వశిష్ఠ పాయ గట్టునున్న ఊరు. పాయల మధ్య పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వరద తీశాక గోదావరి ఒకరి లంక కోసి ఇంకొకరికి ఒండ్రు పోస్తుంది, ఆ కొత్త మేటకి కాగితాలుండవు, తడి ఆరకముందే ఎవరు మినుములు చల్లితే ఆ పంట వాళ్లది. ఆస్తులు పంచుకున్నప్పుడు ఏటి ఒడ్డు పొలం చెక్క నాన్నగారికి వచ్చింది. తనకి ఎగువ తోటతో సరిపెట్టారని బాబాయిగారు అలిగారు, ఒకే ఇంటి నడుమ గోడ లేచింది, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి.

నేను హైస్కూల్లో ఉండగా ఆ చెక్కకి ఆనుకుని పెద్ద మేట వేసింది. అవతలి గట్టు వాళ్లు నావలేసుకుని చల్లడానికి వస్తున్నారని కబురొచ్చింది. నాన్నగారు మనుషుల్ని పోగుచేసి అందరి తలలకీ తెల్ల తువ్వాళ్లు కట్టించారు. ఒకవేళ పొద్దుటి మంచులోనే వస్తే ముఖాలు ఆనవు కనక, తువ్వాలు లేనివాడు కనపడితే ఎవరని అడగొద్దు, కొట్టండి అని చెప్పారు. మా లంకల్లో అది పాత పద్ధతే. ఊరందరికీ ఆ మాట చేరింది, గోడ అవతలున్న తమ్ముడికి తప్ప. పిలవని పేరంటానికి ఎవరొస్తారని నాన్నగారు అనుకుని ఉంటారు.

ఎండెక్కితే గానీ వాళ్లు రారన్న ధీమాతో నాయనమ్మా నేనూ చద్దన్నం కారియర్లు పట్టుకుని వెనక నావలో వెళ్లాం. దిగేసరికే మొదలైపోయింది. ముందు ఏమీ కనపడలేదు, వినపడింది. కర్ర మీద కర్ర పడితే ఒక చప్పుడు, ఎముక మీద పడితే ఇంకో చప్పుడు. ఆ రెండోది ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోరు. మంచులోంచి ఒకడు చెవి అదిమిపట్టుకుని వచ్చి మా కాళ్ల దగ్గర పడ్డాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది. మా పాలేరు నెత్తి పగిలి తెల్ల తువ్వాలు తెలుపు పోయింది. తెడ్డుతో మూతి మీద దెబ్బతిన్న అవతలివాడొకడు పళ్లు ఒండ్రులో ఉమ్ముకుంటూ లేచి మళ్లీ బరిసె విసిరాడు. మోకాలి లోతు బురదలో పారిపోవడానికి లేదు, పడ్డవాడు లేవబోతే మళ్లీ కొట్టడమే. ఇంట్లో పిల్లిని కూడా అదిలించని మా నాన్నగారు ఇనప పొన్ను వేసిన పడవ గెడ రెండు చేతులా ఎత్తి బాదుతూ ఉంటే, నాకు అవతలివాళ్లని చూసి కాదు, ఆయన్ని చూసి భయం వేసింది.

ఏటి అంచున ఎవరో వంగి ఒడిలోంచి మినుములు చల్లుకుంటూ పోతున్నాడు. తలకి తువ్వాలు లేదు. నాన్నగారు వెనకనుంచి వెళ్లి భుజం మీద కొట్టారు, పడ్డాక కుడి మోచేతి మీద ఇంకోటి వేశారు. మళ్లీ గెడ ఎత్తేసరికి ఆ మనిషి బురద మొహం ఇటు తిప్పాడు. బాబాయిగారు.

"అన్నయ్యా, మినుములు చల్లేసేను. ఇంక మేట మనదే," అన్నారు.

నాన్నగారి చేతిలోంచి గెడ జారిపోయింది. నాయనమ్మ ఒండ్రులోనే చతికిలబడి కడుపు బాదుకుంది. అమలాపురం ఆసుపత్రికి పోలీసాయన వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, జన్మలో చెట్టెక్కని బాబాయిగారు, "కొబ్బరిచెట్టు మీంచి పడ్డానండి," అన్నారు. పోలీసాయనకీ తెలుసు, "ఆయ్" అని అలాగే రాసుకుని వెళ్లిపోయారు.

ఆ కుడిచెయ్యి కర్రలా బిగిసిపోయి మరి నోటిదాకా రాలేదు. ఎడం చేత్తో తినడం తప్పని పెరిగిన మనిషి, ఒప్పుకోలేదు. పిన్ని కలిపి పెడతానన్నా వద్దన్నారు. ఒక మధ్యాహ్నం నాన్నగారు గోడ చుట్టూ తిరిగి వెళ్లి, ఆ కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టారు. బాబాయిగారు నోరు తెరిచారు. ఆ మేట మరుసటి వరదకే కొట్టుకుపోయింది గానీ, నాన్నగారు బతికున్నన్నాళ్లూ రెండు పూటలా ఆ ముద్దలు ఆగలేదు. తప్పయిందని ఈయన అనలేదు, పోనీలే అని ఆయన అనలేదు. ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అని నాకు వాళ్లిద్దరి మీదా ఒళ్లుమండేది.

నాన్నగారు పోయిన నాడు నేను కలిపి పెట్టబోతే బాబాయిగారు మొహం తిప్పేసుకున్నారు. మర్నాడు కంచం ముందు కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, ఎడం చేత్తో తిన్నారు. ఎప్పుడు నేర్చుకున్నారో గానీ ఒక్క మెతుకు కింద పడలేదు. పిన్ని నా వైపు చూసింది, నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మ్యూజియం కట్టేసే వేళయిందని కాపలా ఆయన తలుపులు వేస్తూ ఉంటే ఆ దుప్పుల్ని ఇంకోసారి చూసి వచ్చేశాను. ఇప్పుడు మా లంకల్లో మినుములు చల్లేవాళ్లు తక్కువ, మా వైపంతా రొయ్యల చెరువులే. మా తమ్ముళ్ల పిల్లలకీ సరిహద్దు తగాదాలున్నాయి, ప్లీడర్లు చూసుకుంటారు, ఎవరి నెత్తీ పగలదు, అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. వాళ్లు పెళ్లిళ్లలో కలిస్తే నవ్వుతూనే పలకరించుకుంటారు, పక్క పక్కనే నిలబడి బఫేలో వడ్డించుకుంటారు. ఎవరి చెయ్యి వారిదే, ఎవరి కంచం వారిదే.